గ్రామ్ పాజిటివ్ దండాకార బాక్టీరియా వ్యాధులు

గ్రామ్ పాజిటివ్ దండాకార బాక్టీరియా అనగా గ్రామ్ రంజన పద్ధతిలో ఊదా రంగును నిలుపుకొని, సూక్ష్మదర్శినిలో చిన్న కడ్డీల వలె కనిపించే సూక్ష్మజీవుల సమూహము. ధనుర్వాతం, కంఠసర్పి అని కూడా పిలువబడే డిఫ్తీరియా, పశుపాలకులు దొమ్మ రోగం అని పిలిచే ఆంత్రాక్స్, గ్యాస్ గాంగ్రీన్, బొటులిజం, లిస్టీరియాసిస్ మొదలైన వ్యాధులను ఈ సమూహానికి చెందిన జీవులే కలిగిస్తాయి. ఇదే సమూహానికి చెందిన మరెన్నో జాతులు మట్టిలోనూ, పెరుగులోనూ, మనుషుల చర్మం మీద, నోటిలో, పేగులలోనూ ఏ హానీ చేయకుండా జీవిస్తున్నాయి. సూక్ష్మదర్శినిలో ఈ రెండు రకాలూ దాదాపు ఒకే విధంగా కనిపించడమే వీటిని గుర్తించడంలోని ప్రధానమైన చిక్కు.

ఈ వ్యాధులలో చాలావాటికి మరొక ప్రత్యేకత కూడా కలదు. వీటిలో రోగికి ముఖ్యంగా హాని చేసేది బాక్టీరియా విడుదల చేసే విషపదార్థము. ఆంటిబయాటిక్ మందులు బాక్టీరియాను చంపగలవు గాని, అప్పటికే విడుదలైన విషాన్ని నిర్వీర్యం చేయలేవు. అందువలన ఏ వ్యాధిలో ప్రయోగశాల ఫలితం వచ్చేవరకు ఆగవచ్చును, ఏ వ్యాధిలో ఆగకుండా చికిత్స మొదలుపెట్టాలి అన్న విచక్షణ మీద రోగి ప్రాణం ఆధారపడి ఉంటుంది.

గ్రామ్ రంజన పద్ధతి

ఈ పద్ధతిని డెన్మార్కు దేశస్థుడైన హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ అనే వైద్యుడు బెర్లిన్‌లో పనిచేస్తున్న కాలంలో, 1884లో ప్రకటించాడు. న్యుమోనియాతో మరణించినవారి ఊపిరితిత్తుల కణజాలంలో బాక్టీరియాలను స్పష్టంగా చూడటానికి చేసిన ప్రయత్నంలో ఇది రూపుదిద్దుకున్నది. నేటికీ వైద్య ప్రయోగశాలలలో బాక్టీరియాను గుర్తించేటప్పుడు సాధారణంగా మొదట చేసే పరీక్ష ఇదే. చీము, వెన్నుద్రవం, కఫం వంటి నమూనాను గాజుపలక మీద పలుచగా పూసి, ఆరబెట్టి, వేడి తగిలించి అతుక్కునేలా చేస్తారు. ఆ తరువాత నాలుగు దశలు ఉంటాయి.

1. క్రిస్టల్ వయొలెట్ అనే ఊదా రంగును పోస్తారు. బాక్టీరియాలన్నీ ఊదా రంగును పొందుతాయి.
2. అయొడిన్ ద్రావణం పోస్తారు. అది రంగుతో కలిసి కణంలోపల పెద్ద సంయోగంగా ఏర్పడుతుంది.
3. ఆల్కహాలుతో గాని ఎసిటోన్‌తో గాని కొద్ది క్షణాలు కడుగుతారు.
4. సాఫ్రనిన్ అనే ఎర్ర రంగును పోసి, నీటితో కడిగి ఆరబెడతారు.

గ్రామ్ పాజిటివ్ బాక్టీరియాల కణకుడ్యంలో పెప్టిడోగ్లైకాన్ అనే పదార్థం మందమైన పొరగా ఉంటుంది. మూడవ దశలో కడిగినప్పుడు ఈ పొర బిగుసుకొని, లోపలి ఊదా రంగును బయటికి పోనివ్వదు. గ్రామ్ నెగటివ్ బాక్టీరియాలలో ఈ పొర పలుచన; వాటి పైపొరలోని కొవ్వును ఆల్కహాలు కరిగిస్తుంది కనుక ఊదా రంగు పోయి, చివరి దశలో అవి గులాబి రంగును పొందుతాయి.

ఈ పరీక్షకు కొన్ని పరిమితులు ఉన్నవి. ఎక్కువసేపు కడిగినా, వర్ధనం పాతబడినా, రోగి అప్పటికే ఆంటిబయాటిక్ మందులు వాడుతున్నా గ్రామ్ పాజిటివ్ కడ్డీలు గులాబి రంగులో కనిపించి తప్పుదోవ పట్టించవచ్చును. క్లాస్ట్రిడియం జాతులలో ఇది తరచుగా జరుగుతుంది. క్షయ కారకమైన బాక్టీరియా కూడా నిర్మాణాన్ని బట్టి గ్రామ్ పాజిటివ్ దండాకార జీవులకు దగ్గరిదే అయినా, దాని కణకుడ్యంలోని మైనపు పదార్థం ఈ రంగును సరిగా లోపలికి రానివ్వదు. అందువలన దానికి జీల్ నీల్సన్ అనే వేరొక రంజన పద్ధతిని వాడతారు.

వర్గీకరణ

వైద్యపరంగా ముఖ్యమైన గ్రామ్ పాజిటివ్ దండాకార బాక్టీరియాలను మూడు ప్రశ్నల ఆధారంగా విభజించవచ్చును. ఇవి సిద్ధబీజాలను ఏర్పరుస్తాయా? పెరుగుదలకు ప్రాణవాయువు కావాలా, వద్దా? కడ్డీలు శాఖలుగా చీలుతాయా?

* సిద్ధబీజాలను ఏర్పరచి, ప్రాణవాయువులో పెరిగేవి: బాసిల్లస్ ప్రజాతి. ఆంత్రాక్స్ కారకమైన బాసిల్లస్ ఆంత్రాసిస్, ఆహారాన్ని విషతుల్యం చేసే బాసిల్లస్ సీరియస్ ఇందులోనివి.
* సిద్ధబీజాలను ఏర్పరచి, ప్రాణవాయువు లేనిచోట పెరిగేవి: క్లాస్ట్రిడియం ప్రజాతి. ధనుర్వాతం, బొటులిజం, గ్యాస్ గాంగ్రీన్ కారకాలు ఇందులోనివి. పూర్వం ఇందులోనే ఉన్న డిఫిసిల్ జాతిని 2016లో క్లాస్ట్రిడియాయిడిస్ అనే వేరు ప్రజాతిలోకి మార్చారు.
* సిద్ధబీజాలు లేని, శాఖలు లేని కడ్డీలు: కొరినీబాక్టీరియం, లిస్టీరియా, ఎరిసిపెలోథ్రిక్స్, లాక్టోబాసిల్లస్, మొటిమలతో సంబంధం ఉన్న క్యూటిబాక్టీరియం.
* శాఖలుగా చీలి దారాల వలె పెరిగేవి: నొకార్డియా, ఆక్టినోమైసిస్. నొకార్డియా ప్రాణవాయువులో పెరుగుతుంది. ఆక్టినోమైసిస్ ప్రాణవాయువు తక్కువగా ఉన్నచోట, లేనిచోట పెరుగుతుంది.

సిద్ధబీజం అనగా ప్రతికూల పరిస్థితులలో బాక్టీరియా తనలోపల ఏర్పరచుకునే గట్టి కవచం గల నిద్రావస్థ రూపము. ఇది ఎండకు, ఎండిపోవడానికి, సాధారణ క్రిమిసంహారకాలకు తట్టుకొని, మట్టిలో ఏళ్ల తరబడి జీవించగలదు. నీటిని మరిగించినంత మాత్రాన చాలా సిద్ధబీజాలు నశించవు. అందుకే శస్త్రచికిత్స పరికరాలను ఆటోక్లేవ్ అనే పాత్రలో అధిక పీడనం వద్ద, 121 డిగ్రీల సెల్సియస్ ఆవిరితో శుద్ధి చేస్తారు.

ప్రయోగశాలలో గుర్తింపు

గ్రామ్ రంజనం తరువాత కడ్డీల ఆకారం, అమరిక కొన్ని సూచనలను ఇస్తాయి. డిఫ్తీరియా కారకం ఒక చివర లావుగా, గద వలె ఉండి, కడ్డీలు ఒకదానికొకటి కోణాలుగా అమరి చైనా లిపి అక్షరాల వలె కనిపిస్తాయి. ధనుర్వాత కారకానికి ఒక కొసన గుండ్రని సిద్ధబీజం ఉండి, డోలు వాయించే పుల్ల వలె ఉంటుంది. గ్యాస్ గాంగ్రీన్ కారకమైన క్లాస్ట్రిడియం పెర్ఫ్రింజెన్స్ పొట్టిగా, లావుగా, కొసలు నరికినట్లు రైలుపెట్టె ఆకారంలో ఉంటుంది. ఆంత్రాక్స్ కారకం పెద్ద కడ్డీలుగా, గొలుసులుగా కనిపిస్తుంది. లిస్టీరియా కడ్డీలు చాలా పొట్టివి; కొన్నిసార్లు గుండ్రని జీవులుగా పొరబడే అవకాశం ఉన్నది.

ఆకారం సూచన మాత్రమే, నిర్ధారణ కాదు. తరువాతి దశలో నమూనాను తగిన యానకం మీద పెంచి, పరీక్షలు చేస్తారు.

* కాటలేస్ పరీక్ష: బాక్టీరియా మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేస్తే నురగ వస్తుందా లేదా అని చూస్తారు. లిస్టీరియాలో, డిఫ్తీరియా కారకంలో నురగ వస్తుంది. ఎరిసిపెలోథ్రిక్స్‌లో, లాక్టోబాసిల్లస్‌లో రాదు.
* చలనం: లిస్టీరియా 25 డిగ్రీల వద్ద పల్టీలు కొడుతున్నట్లు చలిస్తుంది, శరీర ఉష్ణోగ్రత వద్ద ఈ చలనం బాగా తగ్గుతుంది. బాసిల్లస్ జాతులలో చాలావరకు చలిస్తాయి, ఆంత్రాక్స్ కారకం చలించదు.
* రక్తపు యానకం మీద పెరుగుదల: బాసిల్లస్ సీరియస్ చుట్టూ ఎర్రకణాలు కరిగిపోతాయి, ఆంత్రాక్స్ కారకం చుట్టూ కరగవు. లిస్టీరియా చుట్టూ సన్నని వలయం మాత్రమే ఏర్పడుతుంది.
* ప్రత్యేక యానకాలు: టెల్యూరైట్ కలిపిన యానకం మీద డిఫ్తీరియా కారకం నల్లని చుక్కలుగా పెరుగుతుంది. గుడ్డుసొన కలిపిన యానకం మీద క్లాస్ట్రిడియం పెర్ఫ్రింజెన్స్ తెల్లని మసకను కలిగిస్తుంది. ప్రతివిషం పూసిన సగభాగంలో ఆ మసక రాదు. దీనిని నాగ్లర్ పరీక్ష అంటారు.

ఇప్పుడు పెద్ద ప్రయోగశాలలలో మాల్డీటాఫ్ అనే యంత్రం బాక్టీరియా ప్రోటీనుల బరువులను కొలిచి, నిమిషాల వ్యవధిలో జాతిని తెలుపుతున్నది. అయినా దగ్గరి బంధువులైన ఆంత్రాక్స్, సీరియస్ జాతులను వేరుచేయడానికి దాని ఒక్కదాని మీదనే ఆధారపడరాదు. ఆంత్రాక్స్ అనుమానం ఉన్న నమూనాను ముందుగానే ప్రయోగశాలకు తెలియజేసి పంపవలెను. లేనిచో అక్కడ పనిచేసేవారికి ప్రమాదం కలుగవచ్చును.

కలుషితమా, వ్యాధికారకమా?

రక్త వర్ధనంలో గ్రామ్ పాజిటివ్ కడ్డీలు పెరిగినట్లు నివేదిక వచ్చినప్పుడు, చాలాసార్లు అవి రోగి రక్తంలోనివి కావు. రక్తం తీసేటప్పుడు సూదితో పాటు చర్మం మీది నుండి వచ్చిన కొరినీబాక్టీరియం, క్యూటిబాక్టీరియం, లేదా గాలిలోని దుమ్ము నుండి వచ్చిన బాసిల్లస్ అయి ఉంటాయి. వీటికి అనవసరంగా చికిత్స చేస్తే రోగికి ఖర్చు, మందుల దుష్ఫలితాలు మిగులుతాయి. అయితే కలుషితం అని తోసివేసిన నివేదికలో లిస్టీరియా ఉన్నచో రోగి ప్రాణానికే ముప్పు.

ఈ సందేహాన్ని తీర్చుకోవడానికి శరీరంలోని రెండు వేర్వేరు చోట్ల నుండి, చర్మాన్ని బాగా శుభ్రపరచి, విడివిడిగా రక్తం తీస్తారు. అన్నింటిలోనూ ఒకే జీవి పెరిగితే అది నిజమైన వ్యాధికారకం అయ్యే అవకాశం ఎక్కువ. ఒక సీసాలో మాత్రమే, అది కూడా ఆలస్యంగా పెరిగితే కలుషితం అయ్యే అవకాశం ఎక్కువ. రోగి నవజాత శిశువు, గర్భిణి, వృద్ధుడు, కాన్సరు రోగి, కృత్రిమ గుండె కవాటం గాని కృత్రిమ కీలు గాని అమర్చినవాడు అయినచో, జాతి పేరు తేలేవరకు ఆ నివేదికను తేలికగా తీసుకొనరాదు. క్యూటిబాక్టీరియం చాలా నెమ్మదిగా పెరుగుతుంది కనుక, కృత్రిమ కీళ్ల నుండి తీసిన నమూనాలను సుమారు రెండు వారాల వరకు ఉంచి చూస్తారు.

వేచి ఉండకూడని వ్యాధులు

డిఫ్తీరియా

కొరినీబాక్టీరియం డిఫ్తీరియే వలన కలిగే అంటువ్యాధి. దగ్గు, తుమ్ముల తుంపరల ద్వారా వ్యాపిస్తుంది. జ్వరం, గొంతునొప్పితో మొదలై, గొంతులో బూడిద రంగు పొర ఏర్పడుతుంది. దానిని గీకితే రక్తం వస్తుంది. తీవ్రమైన సందర్భాలలో మెడ బాగా వాచిపోతుంది. పొర పెరిగితే ఊపిరి ఆడదు. విషం రక్తంలో కలిసి గుండె కండరాన్ని, నాడులను దెబ్బతీస్తుంది. గొంతు నయమైన తరువాత కూడా గుండె విఫలమై రోగి మరణించవచ్చును.

ఈ బాక్టీరియాను 1883లో ఎడ్విన్ క్లెబ్స్ గుర్తించగా, 1884లో ఫ్రెడ్రిక్ లోఫ్లర్ విడిగా పెంచాడు. ఎమిల్ రూ, అలెగ్జాండర్ యెర్సిన్ 1888లో ఈ వ్యాధికి విషమే కారణమని చూపారు. ప్రతివిషపు రక్తరస చికిత్సకు గాను ఎమిల్ ఫాన్ బెహ్రింగ్‌కు 1901లో వైద్యశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి లభించింది. ఈ జాతికి చెందిన బాక్టీరియాలన్నీ విషాన్ని తయారుచేయవు. విషపు జన్యువును ఒక బాక్టీరియా వైరస్ మోసుకొని వస్తుందని 1951లో విక్టర్ ఫ్రీమన్ పరిశోధన వలన తెలిసింది. కనుక జాతిని గుర్తించడంతో పని పూర్తికాదు. విషం తయారవుతున్నదా అని 1949 నాటి ఎలెక్ పరీక్షతో గాని, జన్యువును పట్టి చూపే పీసీఆర్‌తో గాని తేల్చవలసి ఉంటుంది.

దీనికి రోజులు పట్టవచ్చును. విషం కణంలోపలికి ప్రవేశించిన తరువాత ప్రతివిషం పనిచేయదు. అందువలన లక్షణాలను బట్టి అనుమానం కలిగిన వెంటనే, నమూనా తీసి, ఫలితం కోసం వేచి చూడకుండా ప్రతివిషాన్ని ఇవ్వవలెను. వ్యాధి తీవ్రతను, ప్రారంభమై గడిచిన రోజులను బట్టి మోతాదు సుమారు 20,000 నుండి 1,00,000 యూనిట్ల వరకు ఉంటుంది. ఇది గుర్రపు రక్తం నుండి తయారవుతుంది కనుక తీవ్రమైన ఎలర్జీ కలుగవచ్చును. అందుకు కావలసిన మందులను సిద్ధంగా ఉంచుకొని ఇస్తారు. దీనితో పాటు పెన్సిలిన్ గాని, ఎరిత్రోమైసిన్ వంటి మందు గాని సాధారణంగా 14 రోజులు ఇస్తారు. ఈ మందులు బాక్టీరియాను చంపి కొత్త విషం తయారుకాకుండా, ఇతరులకు అంటకుండా చూస్తాయి. రోగిని వేరుగా ఉంచి, ఇంటిలోనివారికి కూడా పరీక్ష, నివారణ మందు, టీకా ఇవ్వవలెను. హైదరాబాదులో నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రి డిఫ్తీరియా వంటి అంటువ్యాధుల చికిత్సకు పేరుపొందినది.

ధనుర్వాతం

క్లాస్ట్రిడియం టెటాని సిద్ధబీజాలు మట్టిలో, పేడలో ఉంటాయి. లోతైన గాయంలో ప్రాణవాయువు అందనిచోట ఇవి మొలకెత్తి విషాన్ని విడుదల చేస్తాయి. ఆ విషం నాడుల వెంట వెన్నుపామును చేరి, కండరాలను సడలించే సంకేతాలను అడ్డుకుంటుంది. మొదట దవడలు బిగుసుకుపోతాయి. తరువాత వెన్ను విల్లు వలె వంగుతుంది. ఈ వంపును బట్టే వ్యాధికి ధనుర్వాతం అనే పేరు వచ్చింది. శబ్దం, వెలుతురు, స్పర్శ తగిలినా కండరాలు పట్టేస్తాయి. రోగికి స్పృహ మాత్రం ఉంటుంది.

ఈ వ్యాధిని ప్రయోగశాల పరీక్షలతో నిర్ధారించడం కష్టం. గాయంలో బాక్టీరియా దొరకకపోవచ్చును. దొరికినా వ్యాధి ఉన్నట్లు కాదు. లక్షణాలను చూసి వైద్యుడు చేసే నిర్ధారణే ప్రమాణం. ఇంకా నాడిలోకి చేరని విషాన్ని పట్టుకోవడానికి ధనుర్వాత ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇస్తారు. గాయాన్ని శుభ్రపరచి చచ్చిన కండను తొలగిస్తారు. మెట్రోనిడజోల్ ఇస్తారు. డయాజిపామ్, మెగ్నీషియం సల్ఫేట్ వంటి మందులతో కండరాల పట్టును తగ్గించి, నిశ్శబ్దంగా, మసక వెలుతురులో ఉంచుతారు. అవసరమైతే వెంటిలేటర్ మీద వారాల తరబడి శ్వాస అందించవలసి ఉంటుంది. వ్యాధిని కలిగించే విషం పరిమాణం అత్యల్పం కావడం వలన, వ్యాధి వచ్చి తగ్గినవారికి కూడా రోగనిరోధక శక్తి కలుగదు. కనుక కోలుకున్న రోగికి కూడా టీకా వేయవలెను.

బొటులిజం

క్లాస్ట్రిడియం బొటులినం విషం నాడుల నుండి కండరాలకు అందే సంకేతాన్ని ఆపివేస్తుంది. ధనుర్వాతంలో కండరాలు బిగుసుకుంటే, ఇందులో చచ్చుబడతాయి. రెండుగా కనిపించడం, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడంతో మొదలై చచ్చుదనం పైనుండి క్రిందికి దిగుతుంది. సరిగా శుద్ధి చేయకుండా డబ్బాలలో, సీసాలలో గాలి లేకుండా నిలువ ఉంచిన ఆహారం ఒక ముఖ్య కారణం. ఏడాది లోపు శిశువులకు తేనె నాకించరాదని వైద్యులు చెప్పడానికి కారణం కూడా ఇదే. తేనెలోని సిద్ధబీజాలు శిశువు పేగులో మొలకెత్తి విషాన్ని తయారుచేయగలవు. చికిత్సలో ప్రతివిషం, శ్వాసకు ఆధారం ముఖ్యం.

గ్యాస్ గాంగ్రీన్

నుజ్జయిన గాయాలలో క్లాస్ట్రిడియం పెర్ఫ్రింజెన్స్ పెరిగి కండరాన్ని కుళ్లబెడుతుంది. గాయం కనిపించే దానికన్నా నొప్పి విపరీతంగా ఉండటం, చర్మం రంగు మారటం, నొక్కితే లోపల గాలి బుడగలు చిటపటమనటం దీని లక్షణాలు. గాయం నుండి తీసిన నమూనాలో కడ్డీలు విరివిగా ఉండి, చీము కణాలు చాలా తక్కువగా ఉండటం ముఖ్యమైన ఆధారం. ఇది గంటలలో వ్యాపిస్తుంది. వెంటనే శస్త్రచికిత్స చేసి చచ్చిన కండను తొలగించడమే అసలు చికిత్స. పెన్సిలిన్, క్లిండమైసిన్ దానికి తోడుగా ఇస్తారు. క్లిండమైసిన్ బాక్టీరియాలో ప్రోటీను తయారీని ఆపుతుంది కనుక విషం ఉత్పత్తి కూడా తగ్గుతుంది.

ఆంత్రాక్స్

రాబర్ట్ కోఖ్ 1876లో ఒక నిర్దిష్టమైన బాక్టీరియా ఒక నిర్దిష్టమైన వ్యాధిని కలిగిస్తుందని చూపింది ఈ వ్యాధి విషయంలోనే. ఇది ప్రధానంగా గొర్రెలు, మేకలు, ఆవులు, గేదెల వ్యాధి. వ్యాధితో చనిపోయిన పశువును కోసినప్పుడు, చర్మాన్ని ఒలిచినప్పుడు మనుషులకు సోకుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో విశాఖ మన్యం గిరిజన గ్రామాలలో ఇటువంటి కేసులు పలుమార్లు నమోదైనవి.

చర్మానికి సోకినప్పుడు దురద పెట్టే చిన్న పొక్కుగా మొదలై, నీటిబుడగగా మారి, చివరకు మధ్యలో బొగ్గు వలె నల్లని పెచ్చు కడుతుంది. చుట్టూ వాపు ఎక్కువగా ఉన్నా పుండు నొప్పి పెట్టదు. నొప్పి లేదు కదా అని రోగి ఆలస్యం చేయడం ఇందులోని ప్రమాదం. చికిత్స లేనిచో చర్మపు ఆంత్రాక్స్‌లో నూటికి 20 మంది వరకు మరణించవచ్చును. సకాలంలో సిప్రోఫ్లాక్సాసిన్ గాని డాక్సీసైక్లిన్ గాని వాడితే మరణాలు చాలా అరుదు. ఊపిరితిత్తులకు సోకిన ఆంత్రాక్స్ అత్యంత ప్రమాదకరం. 2001లో అమెరికాలో తపాలా ద్వారా సిద్ధబీజాలను పంపిన ఘటనలో 22 మందికి వ్యాధి సోకగా 5 గురు మరణించారు. తీవ్రమైన రూపాలలో ఒకటికి మించిన ఆంటిబయాటిక్‌లను సిరలోనికి ఎక్కించి, విషాన్ని బంధించే ప్రతిరక్షకాలను కూడా ఇస్తారు.

ఆహారం, మందుల వలన వచ్చే వ్యాధులు

బాసిల్లస్ సీరియస్ సిద్ధబీజాలు బియ్యంలో సాధారణంగా ఉంటాయి. అన్నం ఉడికినా అవి నశించవు. వండిన అన్నాన్ని గంటల తరబడి గది వేడిమిలో ఉంచితే మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి. తిన్న 1 నుండి 6 గంటలలో వాంతులు కలిగించే విషం మళ్లీ వేడి చేసినా నశించదు. మరొక రకం విషం పేగులో తయారై, సుమారు 8 నుండి 16 గంటలలో విరేచనాలు కలిగిస్తుంది. సాధారణంగా ఒక రోజులో తగ్గిపోతుంది. ద్రవాలు త్రాగించడమే చికిత్స, ఆంటిబయాటిక్ అవసరం లేదు. అయితే ఇదే జీవి కంటి గాయంలో ప్రవేశిస్తే ఒకటి రెండు రోజులలో చూపు పోయే ప్రమాదం ఉన్నది. పెన్సిలిన్‌ను ఇది విరగగొడుతుంది కనుక వాంకోమైసిన్ వాడతారు.

క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ వలన వచ్చే విరేచనాలు సాధారణంగా ఆంటిబయాటిక్ మందుల వాడకం తరువాత వస్తాయి. ఆ మందులు పేగులోని మేలు చేసే బాక్టీరియాలను చంపగా, ఖాళీ అయిన చోట ఇది పెరుగుతుంది. నీళ్ల విరేచనాలు ఉన్నవారి మలంలో విషం కోసం పరీక్షిస్తారు. లక్షణాలు లేనివారిలో కూడా ఈ జీవి ఉండవచ్చును కనుక వారికి పరీక్ష చేయరు. కారణమైన మందును వీలైనంతలో ఆపి, ఫిడాక్సోమైసిన్ గాని వాంకోమైసిన్ గాని నోటి ద్వారా ఇస్తారు. వాంకోమైసిన్‌ను సిరలోనికి ఎక్కిస్తే పేగులోకి తగినంత చేరదు. ఆల్కహాలు ద్రావణం సిద్ధబీజాలను చంపదు కనుక, ఈ రోగిని తాకినవారు సబ్బు నీటితో చేతులు కడగవలెను.

మందు ఎంపికలో జాగ్రత్త కావలసిన వ్యాధులు

లిస్టీరియా మోనోసైటోజెనిస్ రిఫ్రిజిరేటరు చల్లదనంలో కూడా పెరుగుతుంది. పచ్చిపాలు, వాటితో చేసిన మెత్తని జున్ను, నిలువ ఉంచిన మాంసపు పదార్థాల ద్వారా సోకుతుంది. దక్షిణాఫ్రికాలో 2017-18లో ఒక రకం మాంసపు ఉత్పత్తి ద్వారా వెయ్యి మందికి పైగా ఈ వ్యాధి సోకి, రెండు వందల మందికి పైగా మరణించారు. గర్భిణికి స్వల్ప జ్వరంగా వచ్చి, గర్భస్రావానికి గాని, శిశువుకు తీవ్ర వ్యాధికి గాని దారితీయవచ్చును. నవజాత శిశువులలో, వృద్ధులలో మెదడు పొరల వాపును కలిగిస్తుంది. మెదడు పొరల వాపుకు సాధారణంగా మొదట ఇచ్చే సెఫ్ట్రియాక్సోన్ వంటి సెఫలోస్పోరిన్ మందులకు లిస్టీరియా లొంగదు. అందువలన ఈ వయసుల వారికి మొదటి నుండే ఆంపిసిలిన్ కలిపి ఇస్తారు. వ్యాధి నిర్ధారణ అయితే జెంటామైసిన్ తోడు చేయవచ్చును. పెన్సిలిన్ సరిపడనివారికి కోట్రైమోక్సజోల్ వాడతారు.

ఎరిసిపెలోథ్రిక్స్ చేపలు, పందులు, మాంసంతో పనిచేసేవారికి చేతివేలి గాయం ద్వారా సోకుతుంది. వేలు ఊదా రంగులో వాచి విపరీతంగా నొప్పి పెడుతుంది. అరుదుగా గుండె కవాటాలకు సోకుతుంది. గ్రామ్ పాజిటివ్ బాక్టీరియాలకు నమ్మకమైన మందుగా పేరుపొందిన వాంకోమైసిన్ దీని మీద పనిచేయదు. పెన్సిలిన్ బాగా పనిచేస్తుంది. లాక్టోబాసిల్లస్ జాతులలో కూడా చాలావాటికి వాంకోమైసిన్ పనిచేయదు. దీనికి భిన్నంగా, సిరలలో గొట్టాలు అమర్చిన బలహీన రోగులకు సోకే కొరినీబాక్టీరియం జైకియం చాలా మందులకు లొంగదు గాని వాంకోమైసిన్‌కు లొంగుతుంది.

నొకార్డియా ఊపిరితిత్తులకు, అక్కడినుండి మెదడుకు సోకుతుంది. కఫంలో శాఖలుగా చీలిన దారాలు కనిపిస్తాయి. క్షయ కోసం చేసే రంజనాన్ని కొంత మార్చి చేస్తే ఇవి ఎర్రగా కనిపిస్తాయి. దీనిని క్షయగా పొరబడితే రోగి నెలల తరబడి పనిచేయని మందులు వాడవలసి వస్తుంది. దీనికి ప్రధానమైన మందు కోట్రైమోక్సజోల్. ఆక్టినోమైసిస్ దవడ వద్ద గట్టి గడ్డలను, పసుపు రంగు రేణువులు గల చీమును కలిగిస్తుంది; దీనికి పెన్సిలిన్‌ను నెలల తరబడి వాడతారు.

పశువులలో వ్యాధులు

పశుపాలకులకు తెలిసిన వ్యాధులు కొన్ని ఈ సమూహం వలన కలుగుతాయి. పశువులలో జబ్బవాపు క్లాస్ట్రిడియం షోవియై వలన, గొర్రెలలో చిటుక రోగం క్లాస్ట్రిడియం పెర్ఫ్రింజెన్స్ వలన వస్తాయి. వీటన్నింటికీ టీకాలు ఉన్నవి. వానాకాలంలో ఎక్కువగా కనిపించే గొంతువాపు మాత్రం గ్రామ్ నెగటివ్ బాక్టీరియా వలన వచ్చే వేరొక వ్యాధి.

ఆంత్రాక్స్‌తో పశువు హఠాత్తుగా చనిపోయి, ముక్కు, మలద్వారాల నుండి గడ్డకట్టని నల్లని రక్తం కారవచ్చును. అటువంటి కళేబరాన్ని కోయరాదు, తోలు ఒలవరాదు, మాంసం తినరాదు. కోసినప్పుడు రక్తానికి గాలి తగిలి బాక్టీరియాలు సిద్ధబీజాలుగా మారి, ఆ నేల ఏళ్ల తరబడి ప్రమాదకరంగా ఉంటుంది. పశువైద్యునికి తెలియజేసి, కళేబరాన్ని పూర్తిగా కాల్చడం గాని, లోతుగా పాతిపెట్టడం గాని చేయవలెను.

నివారణ

ఈ వ్యాధులలో డిఫ్తీరియాను, ధనుర్వాతాన్ని టీకాలతో నివారించవచ్చును. భారతదేశంలోని సార్వత్రిక టీకాల కార్యక్రమంలో శిశువులకు 6, 10, 14 వారాల వయసులో పెంటావాలెంట్ టీకా, 16 నుండి 24 నెలల మధ్య, మళ్లీ 5 నుండి 6 ఏళ్ల మధ్య డీపీటీ బూస్టరు, 10, 16 ఏళ్ల వయసులో టీడీ టీకా ఇస్తారు. గర్భిణులకు టీడీ టీకా ఇవ్వడం, శుభ్రమైన పరికరంతో బొడ్డుతాడును కోయడం వలన నవజాత శిశువుల ధనుర్వాతం బాగా తగ్గింది. తల్లులలో, శిశువులలో ధనుర్వాతాన్ని నిర్మూలన స్థాయికి తెచ్చిన దేశంగా భారతదేశం 2015లో గుర్తింపు పొందింది. అయితే సిద్ధబీజాలు మట్టి నుండి ఎన్నటికీ పోవు కనుక టీకాలను ఆపడానికి వీలులేదు.

ధనుర్వాతం ఒకరి నుండి మరొకరికి అంటదు. కనుక చుట్టూ ఉన్నవారందరూ టీకా వేయించుకున్నా, వేయించుకోనివారికి రక్షణ ఉండదు. డిఫ్తీరియా టీకా ఇచ్చే రక్షణ కాలక్రమేణా తగ్గుతుంది. బడి వయసులోని బూస్టరు మోతాదులు తప్పిపోయిన పిల్లలలో, పెద్దలలో వ్యాధి మళ్లీ కనిపించడానికి ఇది ఒక కారణం. చిన్నప్పటి టీకాలు పూర్తయినా, లోతైన లేదా మట్టి తగిలిన గాయం అయినప్పుడు చివరి ధనుర్వాత టీకా వేయించుకొని 5 ఏళ్లు దాటితే వైద్యుని సలహాతో మరొక మోతాదు తీసుకొనవలెను. ఈ వ్యాసంలో పేర్కొన్న మందులను, మోతాదులను రోగి వయసును, స్థితిని బట్టి వైద్యుడే నిర్ణయించవలసి ఉంటుంది.